విమానం ఎక్కని ఫ్లైట్ సారు

తార్నాకలో అద్దెగదిలో ఉన్న ఆ కాలంలో నాకు తెలియని ఊరు లేదు, నేను చూసిన ఊరూ లేదు. జోధ్‌పూర్ నుంచి జామ్‌నగర్‌కి విమానంలో ఎంతసేపు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నేను మాత్రం సూర్యాపేట దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి హైదరాబాదు రావడం, పండక్కి అదే బస్సెక్కి వెనక్కి పోవడం తప్ప మరో ప్రయాణం ఎరగను. తెలుగు ఎమ్మే అయిపోయి, పీహెచ్‌డీ సీటు రాక, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, యూనివర్సిటీ చెట్ల నీడని వదల్లేక గాల్లో వేలాడుతున్న రోజులవి. (గాల్లో వేలాడటం అన్న మాట అసలు అర్థం నాకు ఆ తరవాత బోధపడింది. అక్కడికే వస్తున్నాను.) అప్పుడు దొరికింది నాకా ఉద్యోగం. జిరాక్సు షాపు మీద రెండు గదుల ఆఫీసు, నాలుగు కంప్యూటర్లు, ఏ పనైనా ‘ఫటాఫట్ కొట్టాలె’ అనే యజమాని. ఆయన్ని మేం ఫటాఫటన్న అనేవాళ్లం. దేశంలోని ఏ రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్యనైనా దూరమెంత, ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది అన్నది తెలుగులో చెప్పే వెబ్‌సైటు ఆయనది. దూరం కంప్యూటరే చెప్పేది. ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపితే ప్రయాణకాలం వచ్చేసినట్టే. దాని చుట్టూ మూడు వందల మాటలు అల్లడం నా పని. “మేఘాల నడుమ సాగే ఈ స్వల్పకాలిక విహారం ప్రయాణికులకు మధురానుభూతిని మిగులుస్తుంది” అని నేను రాసిన వాక్యం కనీసం వంద జతల ఊళ్ల మధ్య ఇప్పటికీ ఎగురుతూనే ఉండాలి.

ఆ మధురానుభూతుల్ని మొదటి నుంచి చివరి వరకూ చదివే పాఠకురాలు ఈ భూమ్మీద ఒక్కరే ఉండేవారు. మా ఇంటి ఓనరు టీచరమ్మ. బాపట్ల వైపు నుంచి ఎప్పుడో వచ్చి హైదరాబాదులో స్థిరపడి, ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. మేడ మీద గది నాది. ఆదివారం చర్చి, బుధవారం ప్రార్థన కూడిక, మిగిలిన రోజుల్లో నా వెబ్‌సైటు. ఫోను కళ్లకి ఆనించుకుని చదివి, సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే పిలిచేవారు. “బాబూ, కోయంబత్తూరు పేజీలో ‘గంటన్నర’ని రెండు ముక్కలు చేశావు. అది ఒకటే మాట కదా?” తప్పు దిద్దాక, ఎప్పుడూ ఓ గ్లాసు టీ. నా గురించి ఆవిడే చర్చిలో చెప్పారు. దాంతో వీధిలో నాకు ‘ఫ్లైట్ సారు’ అని పేరు పడిపోయింది. కూరగాయల బండి దగ్గర కూడా ఆపి “సార్, మా అల్లుడు పుణె పోతుండు, ఎంతసేపయితది?” అని అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి. చెప్పకపోతే బాగుండదు కదా.

అయితే టీచరమ్మకి నేను అబద్ధం చెప్పలేదు. మొదట్లోనే “అమ్మా, నేను ఇంతవరకు విమానం ఎక్కలే” అన్నాను. ఆవిడ నవ్వారు. “ఎక్కనివాడివి కిటికీలోంచి మేఘాలు పత్తి గుట్టల్లా కనిపిస్తాయని ఎలా రాస్తావు? నీకు బొత్తిగా గర్వం లేదు బాబూ. నాకు నీలో నచ్చేది అదే” అన్నారు. ఇంకోసారి చెప్పి చూశాను. ఆ రోజు టీతోపాటు రెండు బిస్కెట్లు కూడా వచ్చాయి. ఇక ఊరుకున్నాను.

వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి టీచరమ్మ వాకిట్లోనే నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను, కళ్లు ఎర్రగా. చెన్నైలో ఆవిడ చెల్లెలికి గుండె ఆపరేషనట, ఎల్లుండి పొద్దున్నే. వచ్చే నెలలో చేద్దామన్న డాక్టర్లు ఉన్నట్టుండి ముందుకు జరిపారట. తల్లి చిన్నప్పుడే పోతే ఆ చెల్లెల్ని ఈవిడే జడలేసి, అన్నం పెట్టి, చదివించి పెంచారు. “అక్కని చూడకుండా లోపలికి వెళ్లనంటోందట బాబూ” అంటూ ఆవిడ ఫోను నా చేతిలో పెట్టారు. అవతల చెల్లెలి కూతురు. “అన్నా, రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. బస్సులో పెద్దమ్మ మోకాళ్లకి కుదరదు. ఫ్లైట్ అంటే ఛస్తే ఎక్కనంది. మీరు పక్కనుంటే ఎక్కుతానంది. రేపు మధ్యాహ్నానికి ఇద్దరికీ టికెట్లు తీసేశాను. ప్లీజ్ అన్నా, పెద్దమ్మకి మీరంటే చాలా నమ్మకం.”

“చెల్లే, అసలు సంగతేందంటే, నేను గూడ ఇంతవరకు...”

“మీరు చాలా సింపుల్ అని పెద్దమ్మ ముందే చెప్పిందన్నా. థాంక్యూ అన్నా” అని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది. టీచరమ్మ నావైపు చూస్తున్నారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని గడగడలాడించిన మనిషి, తప్పిపోయిన పిల్లలా చూస్తున్నారు. నేను ఏమనగలను? “పోదాం అమ్మా, ఏం గాదు” అన్నాను.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే క్యాంపస్‌కి పరిగెత్తాను. మా మిత్రబృందంలో విమానం ఎక్కిన ఘనుడు ఒక్కడే. పేరు డౌటు. (ఏ క్లాసులోనైనా చివరి నిమిషంలో ‘సార్, ఒక డౌటు’ అని లేచేవాడు.) సెమినారుకని ఒకసారి ఢిల్లీ వెళ్లొచ్చాడు. మౌలాలి నుంచి పొద్దున్నే వచ్చి లైబ్రరీ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చునే అలవాటు వాడిది. వాణ్ణి లాక్కుపోయి ఆర్ట్స్ కాలేజీ ముందు సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చాలా గంభీరంగా శిక్షణ మొదలుపెట్టాడు.

“చూడు బే, ఇది సీటు అనుకో. కూసున్నంక ఫస్టు బెల్టు పెట్టాలె.” తన సంచీ పట్టీ తీసి నా నడుముకి బిగించాడు. వాకింగ్‌కి వచ్చిన పెద్దమనుషులు ఇద్దరు ఆగి మరీ చూశారు. “పైకి లేస్తున్నప్పుడు చెవులు బందయితయ్. పరేషాన్ గావద్దు. మింగు.”

“ఏం మింగాలె?”

“ఉమ్మి మింగు. ఇంకేం మింగుతవ్?”

“కడుపుల దేవినట్టయితదంట గదా?”

“అది నాకు తెల్వదు. నేను పండుకున్న.”

“దిగేటప్పుడు ఎట్లుంటది?”

“అప్పుడు గూడ పండుకునే ఉన్న. ఢిల్లీ వచ్చినంక పక్కాయన లేపిండు.” వాడు కాసేపు ఆలోచించాడు. “భయమైతే కండ్లు మూస్కో. కానీ నువ్వు కండ్లు మూస్కుంటే ఆమెకు డౌటొస్తది. తెరిచే ఉంచు.” ఆఖరికి భుజం తట్టి, “మొత్తం మీద ఏం గాదు బే. అయితే గియితే అందరికీ ఒకటేసారి అయితది” అన్నాడు. అలాంటి ధైర్యం మూటగట్టుకుని నేను తార్నాక తిరిగొచ్చాను.

క్యాబులో టీచరమ్మ ఒడిలో బైబిలున్న చేతిసంచీ, నా ఒడిలో నా రెండు చేతులు. హబ్సిగూడ దాటాం, ఉప్పల్ దగ్గర ఆగిపోయాం. ముందురోజు వానకి రోడ్డు గుంతలు పడి, బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. డ్రైవరు ఇంజను ఆపేసి కిటికీలోంచి తల బయటపెట్టి చూసి “జామ్ ఉన్నది మేడం. ఎప్పుడు క్లియర్ అయితదో చెప్పలేం” అన్నాడు. టీచరమ్మ గడియారం చూసుకున్నారు. “బాబూ, చెన్నైకి గంటా పదిహేను నిమిషాలని రాశావు. ఇక్కడే గంట అయిపోయేట్టుందే?”

“మా లెక్క విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికే అమ్మా.”

“మనుషులు విమానాశ్రయాల్లో కాపురం ఉంటారా?”

ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. అన్ని వందల పేజీలు రాశాను, వాటిలో ఒక్క మనిషీ ఇంటికి తాళం వేసి బయల్దేరలేదన్న సంగతి నాకు ఆ ఉప్పల్ జామ్‌లో తట్టింది. విమానం తప్పిపోతే బాగుండునని ఒక మనసు, తప్పిపోతే ఆ చెల్లెలి గతేమిటని ఒక మనసు. ఈ రెండో మనసే గెలిచినట్టుంది. ముందు లారీ కదిలింది.

శంషాబాదులో గాజుతలుపు దాటాక నా ప్రాణానికి అసలు పరీక్ష మొదలైంది. టీచరమ్మ ప్రతి మలుపులోనూ ఆగి నావైపు చూస్తారు, “ఇప్పుడు ఎటు బాబూ?” అని. నాకేం తెలుసు? అప్పుడు దొరికాడు నాకు బట్టతలాయన. మా ముందు వరసలో చెన్నై టికెట్టు చేతిలో పట్టుకుని, ఇదంతా తన సొంతిల్లన్నట్టు నడుస్తున్నాడు. ఆయన ఏం చేస్తే నేనదే చేశాను. ఆయన బెల్టు తీసి ట్రేలో పెడితే నేనూ తీశాను. ఆయన చేతులు చాచి నిలబడితే నేనూ చాచాను. ఆయన నడిచాడు, నేను నడిచాను, నా వెనకే టీచరమ్మ. ఆయన చకచకా ఎడమకి తిరిగి, ఒక సందులోకి దూరి, ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మేం తలుపు దాకా వెళ్లి ఆగాం. తలుపు మీద టోపీ పెట్టుకున్న మగవాడి బొమ్మ ఉంది.

“ఇక్కడికెందుకు తెచ్చావు బాబూ?”

“ముందు జాగ్రత్తకమ్మా” అన్నాను. “పైన వీలు గాదు.” ఆవిడ “నిజమే సుమా” అని పక్క తలుపులోంచి ఆడవాళ్ల వైపు వెళ్లొచ్చారు. అనుభవం ఉన్నవాళ్లు పక్కనుంటే ఎంత నయమో అని మెచ్చుకున్నారు కూడా.

విమానంలో కిటికీ సీటు నాకే వచ్చింది. టీచరమ్మ కిందికి చూడలేనన్నారు. బెల్టు పెట్టుకోబోయి నేను ఆవిడ బెల్టులో సగం లాక్కుని నా దాంట్లో గుచ్చాను. డౌటు గాడి సంచీ పట్టీకీ దీనికీ పోలికే లేదు. ఎయిర్‌హోస్టెస్ నవ్వకుండా సరిచేసింది. (నవ్వి ఉంటే తట్టుకునేవాణ్ణి.) విమానం కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఉన్నట్టుండి వెనక నుంచి ఎవరో తన్నినట్టు పరిగెత్తింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నేల వదిలిన క్షణంలో నా కడుపు మాత్రం శంషాబాదులోనే దిగిపోయినట్టనిపించింది. కింద ఏదో దబ్బుమంది.

“ఆ చప్పుడేంటి బాబూ? మామూలేనా?”

“మామూలే అమ్మా.” (అది చక్రాలు లోపలికి ముడుచుకునే చప్పుడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒక చక్రం ఊడి రాజేంద్రనగర్‌లో ఎవరి నెత్తినో పడిందనే అనుకున్నాను.)

కాసేపటికి ఇంజను హోరు తగ్గింది. “ఇప్పుడు చప్పుడు తగ్గిందేం?”

“అది గూడ మామూలే.”

రెక్క సన్నగా వణుకుతోంది. అది ఆవిడకి కనిపించకుండా నేను కిటికీకి అడ్డంగా కూర్చున్నాను. మేఘాలు వచ్చాయి. అవి పత్తి గుట్టల్లా లేవు. వర్షానికి తడిసి మాసిన బొంతల్లా ఉన్నాయి. నేను డౌటు చెప్పినట్టు మింగుతూనే ఉన్నాను. కాసేపటికి మింగడానికి నోట్లో ఏమీ మిగల్లేదు.

టీచరమ్మ చూపంతా చేతి గడియారం మీదే. నేను రాసిన గంటా పదిహేను నిమిషాలనే నమ్ముకుని ఆవిడ విమానం ఎక్కారు. దాన్ని గుటకలు గుటకలుగా తాగుతున్నట్టు ఒక్కో నిమిషమూ లెక్కపెట్టుకుంటున్నారు. “సాయంత్రం ఆరు దాటితే వార్డులోకి రానివ్వరట బాబూ. పొద్దున్నే తీసుకుపోతారు. దిగంగానే వెళ్తే అందుకుంటాం కదూ?” “అందుకుంటం అమ్మా” అన్నాను. విమానం కిందికి దిగసాగింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. కిటికీలో సముద్రం కనిపించింది, బూడిదరంగులో. ఆ తరవాత ఇళ్లు. ఆ తరవాత ఇళ్లు దూరమయ్యాయి. విమానం మళ్లీ పైకి లేచింది. స్పీకర్లో పైలటు గరగరమని ఏదో చెప్పాడు. ‘రెయిన్’ అన్న మాటొక్కటే నాకు దొరికింది. రెక్క ఒకవైపుకి వాలింది. కాసేపటికి మళ్లీ సముద్రం, మళ్లీ అవే ఇళ్లు, మళ్లీ మేఘాలు.

“బాబూ, నువ్వు చెప్పిన టైము అయిపోయింది.”

మూడోసారి సముద్రం వచ్చింది. అంతలో విమానం మెట్టు తప్పిన మనిషిలా ఒక్కసారి కిందికి జారి, దడదడలాడి నిలదొక్కుకుంది. వెనక ఎవరో కెవ్వుమన్నారు. టీచరమ్మ మొహం తెల్లబోయింది.

“ఇది మామూలేనా బాబూ?”

ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క మాట నా నోట రాలేదు. “నాకు తెల్వదమ్మా” అన్నాను. “ఒట్టు. నేనెప్పుడు విమానం ఎక్కలే. ఇదే ఫస్టు. నాకు శాన భయమైతున్నది.”

ఆవిడ నావైపు తిరిగి చూశారు. అబద్ధం చెప్పే పిల్లల్నీ నిజం చెప్పే పిల్లల్నీ ముప్పై ఏళ్లు చూసిన కళ్లవి. మూడోసారి చెప్పినప్పుడు నమ్మారు. తిడతారనుకున్నాను. “చెయ్యి ఇలా ఇవ్వు” అన్నారు. ఇచ్చాను. అరచెయ్యి చెమటతో జారిపోతోంది. ఆవిడ కొంగుతో తుడిచి, గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, చర్చిలో వెనక బల్ల దాకా వినిపించే గొంతుతో మొదలుపెట్టారు. “పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డకి ఇది మొదటిసారి ప్రభువా. వాడికి భయంగా ఉంది. వాడి భయం తీసెయ్యి. నా చెల్లెలు అక్కడ నాకోసం ఎదురుచూస్తోంది. నేను ఆలస్యమైతే అది బెంగపడుతుంది. ఈ పైలటుకి దారి చూపించు. ఈ బిడ్డని క్షేమంగా వాళ్లమ్మ దగ్గరికి చేర్చు.” విమానమంతా నిశ్శబ్దంగా వింది. ప్రార్థన ముగిసేసరికి ముందు సీట్లోంచి బట్టతలాయన గొంతు “ఆమెన్” అంది. అటుపక్క విభూతి పెట్టుకున్న పెద్దాయన కూడా దండం పెట్టాడు. ఆ స్థితిలో ఎవరికీ మతం పట్టింపు లేదు. నా మొదటి విమాన ప్రయాణం సంగతి మాత్రం ముప్పై వరసలకీ తెలిసిపోయింది.

ఎన్ని చుట్లు తిరిగామో నాకు గుర్తులేదు. దిగిన సంగతి కూడా చక్రాలు నేలకి తగిలి నా పళ్లు టకటకమన్నప్పుడే తెలిసింది. బయట కుండపోత. చెల్లెలి కూతురు గొడుగుతో ఎదురొచ్చి మమ్మల్ని కారులోకి తోసింది. చెన్నై రోడ్లు ఉప్పల్‌కి ఏం తీసిపోలేదు. దారంతా టీచరమ్మ పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి. ఆసుపత్రి చేరేసరికి విజిటర్ల సమయం దాటిపోయింది. గుమ్మంలో సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ అమ్మాయి అరవంలో బతిమాలింది, ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు టీచరమ్మ ముందుకొచ్చి, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాని తెలుగులో, తడిసిన చీరతో, “నాయనా, అది నా చెల్లెలు. నేనే పెంచాను” అన్నారు. ఆయన ఆవిడ మొహంలోకి చూసి, అటూ ఇటూ చూసి, చెయ్యి దించేశాడు.

మంచం మీద చెల్లెలు చిక్కి సగమై ఉంది. అక్కని చూడగానే లేవబోయింది. టీచరమ్మ భుజం పట్టి పడుకోబెట్టి, చెదిరిన జుట్టు వెనక్కి దువ్వి, చేతివేళ్లతోనే జడ అల్లడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఏడవలేదు. జడ సగమయ్యాక చెల్లెలు అడిగింది. “నువ్వు విమానం ఎక్కావా అక్కా? ఎంత భయపడ్డావో!”

నేను గుమ్మం దగ్గర నేల చూపులు చూస్తున్నాను. నా పరువు కాస్తా ఇప్పుడు చెన్నైలో కూడా పోతుందని తెలుసు.

“నాకేం భయమే” అన్నారు టీచరమ్మ, జడ అల్లుతూనే. “ఈ బాబు పక్కనున్నాడుగా. గాల్లో అన్ని చుట్లు తిరుగుతున్నా, నా చెయ్యి వదిలితే ఒట్టు.”

ఆ చెయ్యి సంగతిలో ఒక్క మాటా అబద్ధం లేదు. ఆ జబ్బు మనిషి రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. నేనూ పెట్టాను. విమానంలో టీచరమ్మ ఉంగరం ఒత్తుకున్న గుర్తు నా వేళ్ల మీద ఇంకా ఎర్రగానే ఉంది.

ఆపరేషను బాగా జరిగింది. కబురు విన్నాక నేను జనరల్ పెట్టెలో నిలబడి, నేల మీద నడిచే రైలుని ఆనందంగా అనుభవిస్తూ తిరిగొచ్చాను. ఇప్పుడు కాలేజీ ఉద్యోగంలో వాల్యుయేషన్లకనీ సెమినార్లకనీ తరచూ విమానం ఎక్కుతున్నాను. బెల్టు చూడకుండానే పెట్టుకుంటాను, చప్పుళ్లన్నీ తెలుసు. అప్పుడప్పుడూ ఏ వానలోనో విమానం దడదడలాడితే, ఓ చెయ్యి పట్టుకోవాలనిపించినా, పక్క సీటాయన మోచేతికి నా మోచెయ్యి తగలకుండా మర్యాదగా దగ్గరికి లాక్కుని కూర్చుంటాను. అంత పెద్దమనిషినైపోయాను మరి.